రాస్ లేక్‌లో మా వేసవులు

రాస్ లేక్ వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గరి సరస్సు. అమెరికా వైపు నుంచి దాని ఒడ్డుకి కారు వెళ్లే రోడ్డు లేదు. ఉత్తర కొసన హోజోమీన్ అనే చోటికి ఒక మట్టిరోడ్డు వస్తుంది గానీ అది కెనడాలో హోప్ అనే ఊరి దగ్గర బయల్దేరుతుంది. 2021 నవంబరు వరదల్లో అదీ దెబ్బతింది. దక్షిణపు కొసన 540 అడుగుల ఆనకట్ట. మధ్యలో దాదాపు 23 మైళ్ల పొడుగున నీళ్లు, రెండు పక్కలా కొండలు, ఒడ్డు వెంట దూరదూరంగా చిన్న చిన్న క్యాంపులు. తూర్పు ఒడ్డున కొన్నింటికి కాలిబాట ఉంది. దీవుల మీద ఉన్నవాటికి పడవే దారి.

సియాటెల్‌లో మేం గడిపిన సంవత్సరాల్లో నాకు బాగా గుర్తున్నవన్నీ ఆ నీళ్ల మీదివే. ఇంట్లో ఏ సంవత్సరం ఏ సోఫా కొన్నామో, ఏ కారు అమ్మామో అడిగితే చెప్పలేను. లైట్నింగ్ క్రీక్ క్యాంపులో మా టెంటు ఏ చెట్టు కింద వేశామో, పొద్దున్నే ఎండ ముందు ఏ వైపు పడేదో ఇప్పటికీ చెప్పగలను.

మమ్మల్ని మొదట అక్కడికి తీసుకెళ్లింది మా బావగారు, అక్క భర్త. మాకంటే చాలా ముందే వచ్చి స్థిరపడిన మనిషి. ఉద్యోగం కంప్యూటర్లతో అయినా మనసంతా కొండల్లో ఉండేది. ఆ రోజుల్లో క్యాంపుల పర్మిట్లు ఆన్‌లైన్‌లో దొరికేవి కావు. మార్బుల్‌మౌంట్‌లో రేంజర్ ఆఫీసుకి స్వయంగా వెళ్లి, ఏ రాత్రి ఏ క్యాంపులో ఉంటామో చెప్పి రాయించుకోవాలి. అందుకని చీకటి ఉండగానే ఇంట్లో బయల్దేరేవాళ్లం. బర్లింగ్టన్ దగ్గర 20వ నంబరు హైవే ఎక్కితే, కాసేపటికి స్కాజిట్ నది పక్కకి వచ్చి చేరుతుంది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతూ ఉండేవారు. ముందు సీట్లో బావగారు మోకాళ్ల మీద మ్యాపు పరుచుకుని, దొరక్కపోతే రెండోది, అదీ దొరక్కపోతే మూడోది అని పెన్సిల్‌తో గీతలు గీసేవారు. డెవిల్స్ జంక్షన్, పాండరోసా, క్యాట్ ఐలాండ్, లిటిల్ బీవర్, బిగ్ బీవర్. ఆ పేర్లు మా పిల్లలకి ఎక్కాల్లా నోటికి వచ్చేవి.

కౌంటర్ దగ్గర రేంజరమ్మ ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది: ఏ బోట్లో వెళ్తున్నారు? కెనూ, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవ, అని చెప్పగానే చేతిలో పెన్ను పక్కన పెట్టి, గాలి గురించి తెలుసా అని అడిగేది. బావగారికి తెలిసినా ఆమె చెప్పేదంతా ఓపిగ్గా వినేవారు. మమ్మల్నీ వినమనేవారు.

అక్కడి నుంచి సరస్సుకి చేరడమే సగం ప్రయాణం. ముందు డయాబ్లో లేక్ మీద ఫెర్రీ. కొండల మీది హిమానీనదాలు రాతిని నూరి పిండి చేస్తాయి. ఆ పిండి వాగుల్లో కొట్టుకొచ్చి డయాబ్లో నీళ్లలో తేలుతూ ఉంటుంది, ఎండ పడితే సరస్సంతా ఆకుపచ్చా నీలం కలిసిన వింత రంగులో మెరుస్తుంది. సామాన్లన్నీ కాళ్ల మధ్య పెట్టుకుని ఫెర్రీలో కూర్చుంటే సరస్సు క్రమంగా ఇరుకై, రెండు రాతిగోడల మధ్యకి వెళ్లిపోతుంది. ఆ చివర తలెత్తి చూస్తే రాస్ ఆనకట్ట. దాని ముఖం నున్నగా ఉండదు, పైనుంచి కిందిదాకా గళ్లు గళ్లుగా ఉంటుంది. ఎప్పటికైనా ఇంకా ఎత్తు పెంచాలని ముందే అనుకుని, కొత్త కాంక్రీటు పాతదాన్ని గట్టిగా పట్టుకునేలా అలా కట్టారు. కట్టడం 1949లో పూర్తయింది. సియాటెల్ నగరానికి కరెంటు ఇచ్చే స్కాజిట్ ఆనకట్టలు మూడింట్లో ఇదే పెద్దది. ఆ నగరపు కరెంటు సంస్థ సిటీ లైట్‌ని చాలాకాలం నడిపిన జె.డి. రాస్ పేరు దీనికి పెట్టారు. ఆయన 1939లో పోయారు. సమాధి కూడా కిందనే, న్యూహేలెమ్ అనే ఊళ్లో రోడ్డు పక్కన ఉంది.

ఫెర్రీ దిగాక రిసార్టు వాళ్ల ట్రక్కు. నిటారుగా మలుపులు తిరుగుతూ ఎక్కే మట్టిరోడ్డు మీద, సామాన్ల మధ్యే కూర్చుని ఆనకట్ట పైకి చేరతాం. అక్కణ్నుంచి బోటులో అవతలికి. ఆ రిసార్టు కూడా నీళ్ల మీదే ఉంటుంది, పెద్ద పెద్ద దుంగల మీద తేలే చెక్క ఇళ్ల వరస. అక్కడ రెండు కెనూలు అద్దెకి తీసుకునేవాళ్లం. చిన్న మోటారు బోట్లు కూడా ఇస్తారు గానీ బావగారు వాటి వైపు చూసేవారు కాదు. ఒకదాన్లో వెనక బావగారు, ముందు నేను. రెండోదాన్లో వెనక మా ఆయన, ముందు అక్క. మధ్యలో సామాన్లు, పిల్లలు. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోకుండా ఎవరూ డాక్ (బోట్లు ఆగే చెక్క చప్టా) మీద కాలు పెట్టకూడదు, ఇది బావగారి ఆర్డరు. ఆ నీళ్లు మంచు కరిగి వచ్చినవి. ఆగస్టులో కూడా చెయ్యి పెడితే ఎముకలోకి దిగే చలి. ఈత వచ్చినవాళ్లకి కూడా ఆ చలికి ఒక్కసారిగా ఊపిరి అందదు.

క్యాంపు అంటే అక్కడ ఏముంటుంది? ఒడ్డున బోటు కట్టుకోవడానికి చాలాచోట్ల చిన్న డాక్, టెంటు వేసేంత చదును నేల, ఒక చెక్క బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనప చట్రం, కాస్త దూరంగా అడవిలో ఒక మరుగుదొడ్డి. ఎలుగుబంట్లకి అందకుండా తిండి దాచే ఇనప పెట్టె. అంతే. కుళాయి లేదు, కరెంటు లేదు, చెత్తకుండీ లేదు, ఫోను సిగ్నల్ అసలే లేదు. తీసుకెళ్లిన ప్రతి కాగితం ముక్కా తిరిగి మనతోనే రావాలి. తాగే నీళ్లు సరస్సులోవే, కానీ వడగట్టి. చేతిపంపు ఫిల్టరు ఒకటి ఉండేది. పిల్లలిద్దరూ వంతులు వేసుకుని కొట్టేవారు. స్వచ్ఛంగా కనిపించే కొండనీళ్లలో కూడా గియార్డియా అనే క్రిమి ఉండొచ్చని, దాంతో వారాల తరబడి కడుపు పాడవుతుందని అక్క చెప్పాక, మా అమ్మాయి ఆ పంపు పని ఎవరికీ వదిలేది కాదు.

ఇనప పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. నల్ల ఎలుగుబంట్లు తిరిగే చోటు అది. వాటికి మనుషుల మీద ఆశ ఉండదు, మనుషుల తిండి మీద ఉంటుంది. ఒకసారి రుచి మరిగిన ఎలుగు క్యాంపుల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, చివరికి దాని ప్రాణానికే ముప్పు. కాబట్టి వాసన వచ్చేదేదైనా పెట్టెలోకి వెళ్లాలి. బియ్యం, పప్పు, మొదటి రాత్రి కోసం కలిపి తెచ్చిన పులిహోర, ఆవకాయ సీసా ఎలాగూ వెళ్లేవి. పళ్లపేస్టు, సబ్బు, లిప్‌బామ్ కూడా. అమ్మ వచ్చిన వేసవిలో అమృతాంజనం, కొబ్బరినూనె కూడా వెళ్లాయి. అమ్మ తన సంచిలోంచి ఒక్కో సీసా తీసి మా అమ్మాయి చేతికి ఇస్తుంటే, అది ప్రతిదాన్నీ వాసన చూసి, తలుపు గొళ్లెం వేసి, మళ్లీ లాగి చూసేది. ఆ పెట్టె బాధ్యత ఎనిమిదేళ్ల పిల్ల అంత శ్రద్ధగా మోయడం నేను ఇంట్లో ఏ పనిలోనూ చూడలేదు.

గాలి సంగతికొస్తే, ఆ సరస్సుని నడిపేదే గాలి. సరస్సు ఉత్తర దక్షిణాలుగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వేసవిలో ఎండ ఎక్కేకొద్దీ కొండవాలులు వేడెక్కుతాయి, కింది లోయలోని చల్లగాలిని పైకి లాగుతాయి. అది దక్షిణం నుంచి సరస్సు పొడుగునా ఉత్తరానికి వీస్తుంది. ఆపేది ఏమీ లేదు. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికల్లా తెల్లటి నురగలు కడతాయి. కెనూ అంచు నీటికి జానెడు ఎత్తులో ఉంటుంది, పక్కనుంచి అల తగిలితే లోపలికే. అందుకని లేవడం, వండడం, కదలడం, ఆగడం అన్నీ దాన్నిబట్టే. ఉత్తరానికి వెళ్లే రోజైతే కొంచెం ధీమా, గాలి వెనకనుంచి తోస్తుంది. దక్షిణానికి తిరిగొచ్చే రోజు మాత్రం తెల్లవారకముందే టెంటు విప్పి, ఒక కప్పు కాఫీ తాగి, ఒడ్డు వదలకుండా తెడ్డు వేస్తూ వచ్చేయాలి.

పొద్దుటిపూట ఆ ఒడ్డు వెంట వెళ్లడం నాకు ఎంత ఇష్టమో. ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు. తెడ్డు నీళ్లలోంచి తీసినప్పుడు కారే చుక్కల చప్పుడు, ఎక్కడో గట్టుమీంచి పడే వాగు చప్పుడు. మెర్గాన్సర్ బాతు తన పిల్లల్ని వెంటేసుకుని మా ముందునుంచే ఈదుకుంటూ పోయేది. చేపలు పట్టే డేగ ఆస్ప్రే పైన తిరిగి తిరిగి ఒక్కసారిగా నీళ్లలోకి దూకి, చేపని కాళ్లతో పట్టుకుని లేచేది. పిల్లలు అరవబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. తూర్పున జాక్ మౌంటెన్ మీద మంచు, దాని ఉత్తరపు ముఖాన నోహోకోమీన్ హిమానీనదం. ఇంకా ఉత్తరానికి వెళ్తే హోజోమీన్ కొండ, రెండు నల్లటి శిఖరాలతో, సరిహద్దుకి కాపలా ఉన్నట్టు నిలబడి ఉండేది.

డెవిల్స్ క్రీక్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. తూర్పు ఒడ్డున ఆ వాగు సరస్సులో కలిసేచోట రాయి నిలువునా చీలి ఉంటుంది. సరస్సు నిండుగా ఉంటే ఆ చీలికలోకి కెనూ వెళ్తుంది. లోపలికి వెళ్లేకొద్దీ గోడలు దగ్గరవుతాయి, ఎండ పోతుంది, చల్లటి గాలి మొహానికి తగులుతుంది. నాచు పట్టిన రాళ్లమీంచి నీళ్లు బొట్లు బొట్లుగా మన మీదే పడుతుంటాయి. తెడ్డు వెయ్యడానికి చోటు చాలక చేతులతో గోడని పట్టుకుని తోసుకుంటూ పోయేవాళ్లం. మలుపు తిరిగాక వాగు అడ్డుపడి ఆపేస్తుంది. వెనక్కి తిప్పడానికి వీలుండదు, అలాగే వెనకనుంచి బయటికి రావాలి. అక్క కొడుకు ప్రతి వేసవీ ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న, డెవిల్స్ క్రీక్‌లోకి నీళ్లు ఎక్కాయా అని. శీతాకాలంలో ఆనకట్ట దగ్గర నీటిమట్టం బాగా దించేస్తారు. మంచు కరిగి జులై మొదటికి మళ్లీ నిండుతుంది. అంతకుముందు వెళ్తే చాలా డాకులు బురదలో కూర్చుని ఉంటాయి.

అమ్మ వచ్చిన వేసవి.

నాన్న పోయిన మరుసటి సంవత్సరం అమ్మని మా దగ్గరికి తీసుకొచ్చాం. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి. కెనూలో కూర్చోగలదా, నేలమీద పడుకోగలదా అని నేనూ అక్కా తర్జనభర్జన పడుతుంటే బావగారు నేరుగా వెళ్లి అమ్మనే అడిగారు. "అత్తయ్యా, నాలుగు రోజులు కొండల్లో పడవమీద వెళ్లొద్దాం, వస్తారా?" అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "స్నానానికి నీళ్లుంటాయా బాబూ?" అంది. "ఇరవై మూడు మైళ్ల నీళ్లు అత్తయ్యా" అన్నారాయన. అమ్మ వెళ్లి సంచి సర్దుకుంది.

చీర మీద లైఫ్ జాకెట్ వేసుకుని, మా కెనూ మధ్యలో రెండు దుప్పట్లు మడిచి వేసిన దానిమీద అమ్మ కూర్చుంది. కాసేపు రెండు అంచులూ గట్టిగా పట్టుకుంది. కౌగర్ ఐలాండ్ దాటేసరికి ఒక చెయ్యి వదిలేసి నీళ్లలో వేళ్లు ఆడిస్తోంది. నేను ముందు కూర్చున్నాను కాబట్టి నాకు మొహం కనిపించదు. వెనకనుంచి మాటలు మాత్రం వినిపించేవి. ఆ చెట్టేమిటి, ఈ పిట్టేమిటి, ఆ కొండకి పేరుందా అని బావగారిని ఒకటే అడుగుతోంది. ఇంట్లో అన్ని నెలలూ నాలుగు మాటలకి మించి మాట్లాడని మనిషి.

ఆగస్టు రెండో వారం, పెర్సీడ్స్ ఉల్కలు రాలే రాత్రులు. లైట్నింగ్ క్రీక్ డాక్ మీద అందరం దుప్పట్లు కప్పుకుని వెల్లకిలా పడుకున్నాం. పాలపుంత అంత స్పష్టంగా నేను చిన్నప్పుడు మేడమీద పడుకున్నప్పుడే చూశాను. అమ్మ పిల్లలకి సప్తర్షుల్ని చూపించింది, వశిష్ఠుడి పక్కన అరుంధతిని వెతికించింది. తర్వాత ధ్రువ నక్షత్రం కోసం తను అలవాటుగా చూసే చోట చూసింది, కనపడలేదు. మన కర్నూలు వైపు నుంచి చూస్తే ధ్రువుడు ఉత్తరాన నేలకి 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఒక చెట్టు అడ్డం వచ్చినా కనపడడు. రాస్ లేక్ ఉత్తరపు కొసని 49వ అక్షాంశం కోస్తుంది, అదే కెనడా సరిహద్దు. ఏ అక్షాంశంలో ఉంటే ధ్రువుడు అన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తాడు కాబట్టి, అక్కడ ఆకాశంలో సగానికి పైకి ఎక్కి ఉంటాడు. బావగారు చెయ్యి పట్టి చూపిస్తే అమ్మ చాలాసేపు చూసి, "అంత పైకెళ్లి కూర్చున్నాడేమిటే" అంది. ఆ రాత్రి టెంటులోకి వెళ్లమంటే వెళ్లలేదు. డాక్ మీదే పడుకుంది. అక్క కూడా పక్కనే.

మర్నాడు మేం బిగ్ బీవర్‌కి రావాలి, అంటే దక్షిణానికి. పొద్దున్నే బయల్దేరాం గానీ ఆ రోజు గాలి మధ్యాహ్నానికి చాలా ముందే లేచింది. తొమ్మిదింటికే నీళ్ల మీద నల్లటి గీతలు కనిపించాయి, పావుగంటలో కెనూ ముందుకు కదలడం మానేసింది. బావగారు ఒక్క మాట అన్నారు, "ఒడ్డుకి". పాండరోసా పైన్ చెట్లున్న ఒక రాతి చప్టా దగ్గర కెనూలు పైకి లాగి, చెట్లకి కట్టేసి కూర్చున్నాం. పడమటి వైపున్న పికెట్ శిఖరాలు వానని ఆపేస్తాయి, అందుకే ఆ సరస్సు దగ్గర కొన్నిచోట్ల పొడినేలలో పెరిగే ఈ పాండరోసాలు కనిపిస్తాయి. ఎండకి వేడెక్కిన వాటి బెరడుకి ముక్కు ఆనిస్తే వెనిలా వాసన. పిల్లలు ఒక్కో చెట్టునీ వాసన చూసి మార్కులు వేస్తూ తిరిగారు. మాకు చెయ్యడానికి ఏమీ లేదు. ఎక్కడికీ వెళ్లలేం, ఎవరికీ ఫోను చెయ్యలేం. గాలి తగ్గేదాకా కూర్చోవాలి.

"ఈ నీళ్లకింద ఊళ్లుండేవా బాబూ?" అని అమ్మ అడిగింది.

మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టులో మునిగింది. ఆ సంగతి నాకూ అక్కకీ తెలుసు. తెలుసంటే అంతవరకే తెలుసు. బావగారు తనకి తెలిసినది చెప్పారు. మన ఊళ్లలాంటి ఊళ్లు లేవు అత్తయ్యా, ఇక్కడ స్కాజిట్ నది పారేది. బంగారం కోసం వచ్చినవాళ్లు, జంతువుల తోళ్ల కోసం వచ్చినవాళ్లు వేసుకున్న గుడిసెలు, కాలిబాటలు ఉండేవి. అడవి కొట్టేశారు, మొదళ్లు నీళ్లకింద ఉండిపోయాయి. వీళ్లందరికంటే ముందు వేల ఏళ్లపాటు స్కాజిట్ తెగలవాళ్లు వేటకి, చేపలకి ఈ లోయలో తిరిగేవారు. హోజోమీన్ దగ్గర దొరికే చర్ట్ అనే గట్టి రాయితో కత్తులు, బాణం మొనలు చేసుకునేవారు.

"మరి వాళ్లని ఎక్కడికి పంపించారట?" అంది అమ్మ.

1855లో ఒప్పందం రాయించుకుని ఈ ప్రాంతపు తెగల భూములన్నీ తీసేసుకున్నారని, ఆనకట్ట వచ్చేసరికే వాళ్లని పక్కకి నెట్టేశారని ఆయన చెప్పారు. అమ్మ కాసేపు నీళ్లవైపు చూసి, తన ఊరి సంగతి మొదలుపెట్టింది. 1981లో ఖాళీ చెయ్యమన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్లు ఇంటి తలుపులు, ద్వారబంధాలు, దూలాలు విప్పి బండ్ల మీద వేసుకుని వెళ్లారట. పెరట్లో భూమిలో పాతిన రోలు మాత్రం రాలేదు. నలుగురు పట్టి కదిపినా రాలేదు. అమ్మమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి వదిలేసిందట. వేసవిలో ప్రాజెక్టు నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. మా మేనమామ దర్శనానికి వెళ్లినప్పుడల్లా ఊరున్న దిక్కుకి తిరిగి దండం పెట్టి వచ్చేవాడట. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, ఏ గట్టు మీద ఏ చెట్టు, బావికి ఎన్ని మెట్లు, అన్నీ చెప్పింది. అక్క మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది. పిల్లలు చెట్లు వదిలేసి వచ్చి అమ్మ పక్కన చేరారు. మా అమ్మాయి చప్టా మీద బొగ్గుముక్కతో ఆ ఊరి వీధి గీసింది, అమ్మ చెప్తుంటే ఇళ్లు పెట్టుకుంటూ వెళ్లింది. తర్వాత సరస్సులోంచి నీళ్లు తెచ్చి మేమే కడిగేశాం. అక్కడ ఏ గుర్తూ వదలకూడదు.

అమ్మ ఇవన్నీ మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో ఎవరికి వాళ్లకి పనులుండేవి. మేం అడగనూ లేదు. ఆ గాలి మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టకపోతే, అమ్మమ్మ రోలుకి బొట్టు పెట్టిన సంగతి నాకు తెలిసేది కాదు. మా పిల్లలకి అసలే తెలిసేది కాదు. రాస్ లేక్ నాకు ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఆ మధ్యాహ్నమే. కొండలూ హిమానీనదాలూ ఎంత గొప్పవైనా ఆ తర్వాతే.

ఇక్కడ మొదళ్లు ఎప్పుడు కనిపిస్తాయని అమ్మ బావగారిని అడిగింది. నీళ్లు నిండకముందు, వసంతకాలంలో, ఉత్తరపు కొసన బురదనేలలో వందలకొద్దీ కనిపిస్తాయని ఆయన అన్నారు. అప్పుడొకసారి చూడాలి అంది.

సాయంత్రం ఆరు దాటాక గాలి తగ్గింది. ఆ ఉత్తరపు వేసవిలో వెలుగు చాలాసేపు ఉంటుంది కాబట్టి చీకటి పడేలోపే బిగ్ బీవర్ చేరాం. అన్నం, పప్పు వండి ఆవకాయతో తిన్నాం. గిన్నెలు నీళ్లకి దూరంగా, అడవి లోపల కడిగాం. మర్నాడు పొద్దున్నే వెనక్కి బయల్దేరాలి కాబట్టి బిగ్ బీవర్ లోయలోని దేవదారుల దగ్గరికి వెళ్లడానికి టైము లేకపోయింది.

ఆ చెట్ల సంగతి అమ్మ మర్చిపోలేదు. తిరిగి ఇండియా వెళ్లాక ఫోన్లో అడుగుతూ ఉండేది, వెళ్లారా, చూశారా అని. మరుసటి వేసవి చూశాం. క్యాంపు దగ్గర మొదలయ్యే కాలిబాట పట్టుకుని లోపలికి నడిస్తే పశ్చిమ ఎర్ర దేవదారులు. కొన్ని వెయ్యేళ్ల నాటివి. మేం అందరం చేతులు పట్టుకున్నా ఒక చెట్టు చుట్టూ అందలేదు. మొదట్లో చెప్పిన ఆ గళ్ల గోడ సంగతి నాకు అక్కడే పూర్తిగా అర్థమైంది. ఆనకట్టని ఇంకో 120 అడుగులకి పైగా పెంచాలని సియాటెల్ చాలా ఏళ్లు ప్రయత్నించింది. పెంచితే కెనడా వైపు స్కాజిట్ లోయ మైళ్లకొద్దీ మునిగేది, ఇటు బిగ్ బీవర్ లోయలో ఈ దేవదారులూ మునిగేవి. రెండు దేశాల్లోనూ జనం గట్టిగా ఎదిరించారు. చివరికి 1984లో అమెరికా, కెనడా మధ్య ఒప్పందం కుదిరింది. ఆనకట్ట పెంచరు, బదులుగా ఆ మేరకు కరెంటు బ్రిటిష్ కొలంబియా నుంచి వస్తుంది. ఒప్పందం గడువు 80 ఏళ్లు. ఫోన్లో ఇదంతా చెప్తే అమ్మ, "అయితే ఆపొచ్చన్నమాట" అంది. కాసేపాగి మళ్లీ అదే మాట అంది.

మొదళ్లు చూడ్డానికి అమ్మ మళ్లీ రాలేకపోయింది. మేం ఒక మే నెలలో కెనడా మీదుగా హోజోమీన్ వెళ్లి ఫోటోలు తీసి పంపాం. బూడిదరంగు బురద, అందులో వరసలుగా మొదళ్లు, వెనక మంచు కప్పుకున్న కొండ. ఆ ఫోటోని పెద్దది చేయించి దేవుడి గదికి ఎదురుగా పెట్టుకుంది. అమ్మ పోయాక అది అక్క దగ్గరికి వచ్చింది.

ఇప్పుడు అక్కడికి వెళ్లడం కొన్ని విధాల సులువైంది, కొన్ని విధాల కష్టమైంది. పర్మిట్లు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, కాని పోటీ ఎక్కువ. ఆగస్టు అంటే పొగ భయం ఉంది. 2023 జులై చివర్లో పిడుగుపడి సోర్‌డో మౌంటెన్ మీద మంటలు లేచి, 20వ నంబరు హైవే కూడా మూసేశారు. నిప్పు వేసుకోనివ్వని వేసవులు ఎక్కువయ్యాయి. చలిమంట లేకపోతే క్యాంపింగ్ ఏమిటని కొందరంటారు. నాకు అలా అనిపించదు. చిన్న గ్యాసు పొయ్యి మీద కాఫీ కాచుకోవచ్చు, చీకట్లో కూర్చుంటే చుక్కలు ఇంకా బాగా కనిపిస్తాయి. ఆ అడవి నిలబడితే చాలు.

బావగారికి మోకాళ్లు అరిగాయి. కెనూలోకి దిగడం, ఎక్కడం ఇప్పుడు కుదరదు. ఆయన పెన్సిల్ గీతల మ్యాపు మా అమ్మాయి దగ్గరుంది. మడతల దగ్గర చిరిగితే టేపు వేసుకుంది. ఈ జులై రెండో వారానికి లైట్నింగ్ క్రీక్‌లో పర్మిట్ తీసుకుని, "పెదనాన్నా, మోటారు బోటు మాట్లాడాను, మీరు కూర్చుంటే చాలు, నేను నడుపుతాను" అని ఫోన్ చేసింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత తనే తిరిగి ఫోన్ చేసి సరే అన్నారు. డెవిల్స్ క్రీక్ దగ్గర మాత్రం మోటారు ఆపేసి తెడ్లతోనే లోపలికి వెళ్లాలని చెప్పారు. అక్క అప్పుడే పులిహోరకి ఎంత చింతపండు కావాలో లెక్క వేస్తోంది. నేను నిన్న అటక మీంచి పాత ఫిల్టరు తీసి చూశాను, రబ్బరు రింగులు మార్చాలి.